ఇచ్చిన బంటు

సాహితి తన రాజు పక్కనున్న ఒంటె ముందరి బంటును రెండు గడులు జరిపి గడియారం నొక్కింది. నొక్కిన చేతిని ఒళ్ళోకి తీసుకుని తల వంచుకుంది. ఆ బంటుకు వెనక కాపలా లేదు. ఎదుట కూర్చున్న వెంకటనర్సమ్మ రాజు ముందరి బంటు ఏటవాలుగా ఒక్క అడుగు వేస్తే చాలు, అది చేతిలోకి వస్తుంది. వెంకటనర్సమ్మ ఆ బంటును చూసింది, మనవరాలి పాపిటను చూసింది, గడియారంలో తన పదిహేను నిమిషాలు కరగడం మొదలైన సంగతీ చూసింది. తొమ్మిదేళ్ళుగా ఈ పిల్లతో ఆడుతోంది, భూపాలపల్లి క్వార్టర్ వరండాలో, వానకు చూరు కారుతుంటే బోర్డును అటూ ఇటూ జరుపుకుంటూ, కోడలు పిలిచినా లేవకుండా, అన్నం గిన్నె పక్కన పెట్టుకుని. ఎన్ని వందల ఆటలో. ఒక్కసారి కూడా ఈ పిల్ల రెండో ఎత్తులోనే బంటును ఎదుట పెట్టి తినమని ఇవ్వలేదు. దీన్ని గాంబిట్ అంటారని పిల్లే ఫోన్‌లో చూసి చెప్పింది ఒకనాడు. ఒక పావును ఎరగా ఇచ్చేసి, బదులుగా దారి తీసుకోవడమట. ఇయ్యనీకె గూడ ఇంగ్లీషుల పేరుందా అని అప్పుడు తను నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఎందుకిస్తున్నావు బిడ్డా, ఇవ్వాల్సింది నేనని మీ నాయన అనుకుంటున్న ఈ పూట.

జనగామలో పెళ్ళిళ్ళు చేసే హాలు ఇది. నిన్నటి పెళ్ళి బగారా అన్నం వాసన ఇంకా గోడలకు పట్టుకునే ఉంది, వేదిక మీద వాడిన బంతిపూలు ఎవరూ ఊడ్వలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు జిల్లాల ఆడవాళ్ళకు ఒక్కరోజు చదరంగం పోటీ. ఆరు ఆటలు, ఒక్కో ఆటకు మనిషికి పదిహేను నిమిషాలు, ఎత్తు వేసిన ప్రతిసారీ ఐదు సెకన్లు కలుస్తాయి. పొద్దున నలభై మందికి పైగా ఉన్నారు, అందరూ జడలేసుకున్న బడిపిల్లలు, కాలేజీ పిల్లలు. నెరిసిన కొప్పు తనదొక్కతిదే. మొదటి ఆటకు కూర్చోబోతే ఎదుటి పిల్ల, "అవ్వా, పేరెంట్స్ అటు కూసుంటరు" అంది. ఆ పిల్లే పావుగంట తర్వాత కళ్ళు తుడుచుకుంటూ వాళ్ళమ్మ దగ్గరికి పోయింది. ఐదు ఆటలు ముగిసేసరికి ఐదూ గెలిచినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ పొద్దున చీకటి ఉండగానే రేగొండ మీదుగా ఒకే బస్సులో, ఒకే సీటులో, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని వచ్చినవాళ్ళు. ఇప్పుడీ బల్లకు అటొకరు ఇటొకరు. గెలిచినవాళ్ళు రాష్ట్ర శిబిరానికి పోతారు. ఒక్కరే పోతారు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు యుగేందర్ ఆమెను హాలు వెనక, చేతులు కడుక్కునే నల్లాల దగ్గరికి పిలిచాడు. ఒక్కడే కొడుకు, గనిలో ఫిట్టర్, ఇవాళ డ్యూటీ మార్చుకుని మరీ వచ్చాడు.

"అవ్వా, ఆఖరిది నీకూ సాహితికే పడ్డది."

"చూసిన. గోడకు కాయితం అంటించిన్రు గద."

"మరెట్ల?"

"ఎట్లంటే ఏంది? ఆడుడే."

"నువ్వు రాష్ట్రానికి పోయి ఏం జేస్తవే? బస్సు మెట్టు దిగాల్నంటే ఇద్దరు పట్టాలె నిన్ను."

"గెలిస్తే పిల్ల పేరు రాయమంట."

"అడిగిన. దుర్గయ్య సార్ కుదరదన్నడు. గెల్చినోళ్ళే పోవాలె, ఒకల బదులు ఇంకొకలు పోవుడు లేదంట." నల్లా కట్టాడు, మళ్ళీ విప్పాడు. "ఈసారి పిల్ల రాష్ట్రానికి పోకుంటే బోర్డు అటక మీదికే, అవ్వా. నీ కోడలు పూజకు మాటిచ్చిన. ఎంసెట్ ఉన్నది, హాస్టల్ల ఏస్తం. నీకెర్కే గద."

"ఆ షరతు పెట్టింది నువ్వే. తీసెయ్యరాదు?"

"నేనడిగేది ఒక్క ఆట. మన్మరాలికి ఒక్క ఆట ఇడ్వలేవా?"

ఆమె చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది. కడిగిందే కడిగింది. వాడు పోయాక సాహితి పులిహోర ప్లేటు తెచ్చి చేతిలో పెట్టింది.

"డాడీ ఏమంటుండు?"

"తిన్నవా అని అడుగుతుండు."

"అబద్ధం. బాపమ్మా, నువ్వు వదులుగ ఆడితే నాకెర్కైతది. తొమ్మిదేండ్ల సంది నీ చెయ్యి చూస్తున్న. గట్ల గెల్చి నేను పోను, చెప్తున్న."

"పోకుంటే ఏం జేస్తవ్?"

"ఎంసెట్ రాస్త," అని ప్లేటులోంచి పల్లీలు రెండు ఏరుకుని నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

అందుకని ఇప్పుడు చెయ్యి కదలడం లేదు. తినాలా. ఊరికే ఇచ్చేది తినకు, ఎందుకిస్తున్నరో చూసి తిను అని ఈ పిల్లకు నేర్పింది తనే. చూసింది. ఎందుకో కనబడలేదు. తింది. చెక్క మీద చెక్క పడ్డ చప్పుడు వినగానే పిల్ల గుర్రం బయటికి దూకింది, దాన్ని తరమడానికి వెంకటనర్సమ్మ తన బంటును ముందుకు తోసింది, ఇంకా తోసింది. గుర్రం పారిపోవాలి కదా. పారిపోలేదు. సాహితి గుర్రాన్ని ఉన్నచోటనే వదిలేసి రాజును పక్కకు తప్పించి కోట కట్టుకుంది. మొదట బంటు, ఇప్పుడు గుర్రం. చుట్టూ తాడు అవతల నిలబడ్డ పిల్లల్లో ఎవరో ఇస్సున శబ్దం చేశారు. దుర్గయ్య సార్, మహబూబాబాద్ డ్రిల్లు మాస్టారు, ఇవాళ ఈ ఆటలకు న్యాయం చెప్పే మనిషి, వేలు పెదవుల మీద పెట్టుకుని అటు చూశాడు. వెంకటనర్సమ్మ గుర్రాన్ని కూడా తింది. ఈ ఇచ్చేది ఏమిటో ఆమెకు తెలియాలి. ఆమె బతుకంతా ఇచ్చిన ఆటల్లోనే పోయిందేమోనని పదకొండేళ్ళుగా అనుమానం.

పెళ్ళయి దేవరుప్పుల నుంచి మహబూబాబాద్ అవతలి రైలు గేటు దగ్గరికి కాపురం వచ్చింది. సోమనర్సయ్యది గేటు కాపలా ఉద్యోగం. పగలంతా రోడ్డు మీద ఎడ్లబండ్లు, ఆటోలు, పట్టాల మీద గూడ్సులు. చిన్న గది, గోడకు ఫోను, బయట గేటు దించే చక్రం. స్టేషన్ నుంచి ఫోను మోగితే నంబరు రాసుకోవాలి, చక్రం తిప్పి గేటు దించాలి, బండి పోయేదాకా పచ్చజెండా పట్టుకుని నిలబడాలి. ఆమె సద్ది తీసుకుపోయేది. తిన్నాక గిన్నె కడగక ముందే ఆయన గచ్చు మీద సుద్దతో గడులు గీసేవాడు. కురవి జాతరలో కొన్న చెక్క పావులు, ఒక ఏనుగు విరిగితే దాని చోట అగరుబత్తీల డబ్బా మూత. ఒక బండికీ ఇంకో బండికీ నడుమ ఆట ముగియాలి. ఆలోచిస్తూ కూర్చుంటే గేటు పడుతుంది, ఆట ఆగుతుంది, బండి గాలికి పావులు ఒరిగిపోతాయి. ఇప్పుడు వీళ్ళు రాపిడ్ అంటున్న ఈ తొందర ఆట ఆమెకు అట్లా వచ్చింది. ఆమె గడియారం గూడ్సుబండి. మొదటి ఏడాది ఓడింది. రెండో ఏడాది నుంచి నాలుగింట్లో ఒకటి, తర్వాత రెండింట్లో ఒకటి గెలిచింది. గెలిచిన రోజు ఖాళీ గిన్నె ఊపుకుంటూ కట్ట వెంట నడిచి వస్తుంటే కాళ్ళ కింద కంకర మెత్తగా ఉండేది. అప్పటికి పేరు కూడా రాయరాని మనిషి, ఊళ్ళో వాళ్ళు సంచి మీద అక్షరాలు చదవమంటే మొహం తిప్పుకునే మనిషి, మగవాళ్ళు గడ్డం గోక్కునే ఆటలో మొగుణ్ణి గెలిచింది. ఆ ఒక్కటీ ఎవరూ ఇచ్చింది కాదు, తనది అనుకుంది. ఇరవై ఆరేళ్ళు అనుకుంది.

పిల్ల మంత్రి ముందుకొచ్చింది. మంత్రి వెనక ఏనుగు, ఏటవాలుగా ఒంటె, మూడూ తన రాజు వాకిట్లోకే చూస్తున్నాయి. వెంకటనర్సమ్మ మంత్రిని తెచ్చి అడ్డం నిలబెట్టింది. పిల్ల ఇంకో బంటు ఇచ్చింది. తీసుకో, తీసుకో. సోమనర్సయ్య పోయిన పదకొండో రోజు కృష్ణ వచ్చాడు, గేటు దగ్గర ఆయనకు బదులు డ్యూటీ చేసే మనిషి. ఇస్తరాకు ముందు కూర్చుని, మెతుకు ముట్టకుండా, "వదినా, అన్నతోని ఇరవై ఏండ్లు ఆడిన. రెస్ట్ ఉన్న నాడల్లా మా క్వార్టర్ల లైన్ల అరుగు మీద కూసునేటోళ్ళం. ఒక్కటంటే ఒక్క ఆట గెల్వలే. లైన్ మొత్తంల ఎవ్వడు గెల్వలే ఆయన మీద" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమె చేతిలో పప్పు గరిటె. వడ్డించాలి కదా, వడ్డించింది, పక్క ఆకుకు పోయింది, అక్కడా వడ్డించింది. లైన్ మొత్తంలో ఎవరూ గెలవలేదు. మరి నేను? అయితే రెండింట్లో ఒకటి ఇచ్చాడన్నమాట, గాజులు కొనిచ్చినట్టు. పెళ్ళాం నవ్వితే చాలుననుకుని గెలుపు చేతిలో పెట్టి, గచ్చు మీద సుద్ద తుడిచేసుకుంటూ లోపల్లోపల నవ్వుకున్నాడన్నమాట. మొగుడు చచ్చిన దుఃఖం మీద ఈ దుఃఖం ఎవరికి చెప్పుకుంటుంది. రెండేళ్ళు పావుల సంచి ముట్టలేదు. ఫోటోకు దండ మార్చేటప్పుడు ఆ కళ్ళలోకి సూటిగా చూసి, ఎందుకట్ల చేసినవ్ అని అడిగేది. బతికున్న మనిషినైతే అరిచి అడిగేది. చచ్చిన మనిషి తరఫున మాట్లాడేవాళ్ళుండరు.

ఏడేళ్ళ సాహితి బడి నుంచి ప్లాస్టిక్ బోర్డు తెచ్చి ముందు పరిచినప్పుడు ఆమె ఒక్కటే అనుకుంది. ఈ పిల్లకు ఒక్క ఆట ఇవ్వను. పిల్ల పలక మీద తన పేరు రాయడం నేర్చుకుంది గానీ ఆట మాత్రం ఇవ్వలేదు, మూడేళ్ళు ఓడించింది. పిల్ల ఏడ్చేది, పావులు విసిరేది, మంచం కింద దూరి అన్నానికి రాకపోయేది. పూజ వంటింట్లోంచి, "చిన్నపిల్ల అత్తమ్మా, ఒక్కసారి ఓడిపోతే మీ సొమ్మేం పోతది?" అనేది. ఏం పోతుందో కోడలికి చెప్పలేకపోయింది. పదేళ్ళప్పుడు ఒక వాన సాయంత్రం పిల్ల గెలిచింది. గెలిచాక నవ్వలేదు, బోర్డును అట్లాగే పెట్టి వెనక్కి వెనక్కి ఎత్తులు వేసి, బాపమ్మ ఎక్కడైనా వదిలిందేమోనని వెతికింది. దొరకలేదు. అప్పుడు లేచి వాకిట్లో వానలోకి పరుగెత్తింది. తనకు ఆ వాన దొరకలేదు. ఈ పిల్లకు దొరికింది.

ఆరు నిమిషాలున్నాయి తనకు, పిల్లకు ఎనిమిది. వాకిలి మీద ఇంకో ఏనుగు వచ్చి చేరింది. వెంకటనర్సమ్మ రాజు నడి బజారులో నిలబడి ఉంది, చుట్టూ ఎసరు కాగుతున్న చప్పుడు. అప్పుడు అర్థమైంది. నెమ్మదిగా ఆడే ఆటలో ఒక అడుగు తక్కువ వేయొచ్చు, బంటును ఒక ఎత్తు ఆలస్యంగా జరపొచ్చు, ఎవరికీ తెలియకుండా ఓడొచ్చు. ఇట్లాంటి మంటలో అది కుదరదు. ఇక్కడ ఒక్క ఎత్తు వదులుగా వేస్తే తాడు అవతలి బడిపిల్లకు కూడా కనబడుతుంది. ఆ పిల్ల బంటునూ గుర్రాన్నీ ఇచ్చి కొన్నది దాడిని కాదు. బాపమ్మ చేతిని కొన్నది. దాచుకోవడానికి చోటు లేకుండా చేసింది. ఓసి నీ తెలివి పాడుగాను. 

కానీ చోటు ఉంది. ఒక్కటి. బోర్డు మీద ఇప్పుడు తనను కాపాడే ఎత్తు ఒకే ఒక్కటి ఉంది. రాజును, మంత్రి ఖాళీ చేసిపోయిన గడిలోకి జరపాలి, అంతే. అది చూడ్డానికి ఏమీ లేని ఎత్తు, భయపడి పక్కకు తప్పుకున్నట్టుంటుంది. అది కాక గుర్రాన్ని ఎదురు నిలబెడితే దండిగా కనిపిస్తుంది, చూసేవాళ్ళు భలే అంటారు, నాలుగెత్తుల్లో ఓటమి. ముసలామెకు కనబడలేదు పాపం అనుకుంటారు. సాహితి కూడా అనుకోవచ్చు. తాడు దగ్గర యుగేందర్ నిలబడి ఉన్నాడు, ఆట రాని వాడి కళ్ళకు పావులు కనబడవు, తల్లి మొహం కనబడుతుంది. ఒక్క ఆట. వాడు అడిగింది తన కోసం కాదు కదా. పిల్ల హాస్టల్లో, అర్థంకాని లెక్కల నడుమ, అటక మీది బోర్డును తలుచుకుంటుంది. నువ్వు గెలిచి ఏం చేసుకుంటావు ముసల్దానా, మోకాళ్ళ మీద నొప్పుల నూనె రుద్దుకునే ముసల్దానా. గుర్రం చెవి మీదికి వేలు పోయింది. తాకలేదు. తాకితే ఆడి తీరాలి. వేలు గాలిలోనే ఉంది, గడియారంలో సెకన్లు పోతున్నాయి, అయిదు నిమిషాల యాభై, నలభై, ఇరవై. రేపు ఈ పిల్ల రాష్ట్రంలో గెలుస్తుంది, ఇంకెక్కడో గెలుస్తుంది. ఒకనాడు బాపమ్మ పోయిన పదకొండో రోజున ఎవరో ఇస్తరాకు ముందు కూర్చుని ఒక మాట అంటారు. అప్పుడు ఈ పిల్ల చేతిలో గరిటె ఉంటుంది.

ఆమె రాజును జరిపింది.

సాహితి తలెత్తింది. ఒక్క లిప్తపాటు. ఆ చూపులో కృతజ్ఞత ఉందో కోపం ఉందో, ఏదైనా గానీ అది ఎదుటి ఆటగత్తెను చూసిన చూపు. తర్వాత దాడి మెల్లగా చల్లారింది. పావుకు పావు పోయింది, మంత్రికి మంత్రి పోయింది, బల్ల పక్కన చచ్చిన పావులు కుప్పపడ్డాయి. పిల్ల ఇచ్చినవాటిలో కొన్ని తిరిగి లాక్కుంది, అన్నీ లాక్కోలేకపోయింది. చివరికి బోర్డంతా కోసేసిన చేనులాగా ఖాళీ అయింది. పిల్లకు రాజు, ఒక బంటు. తనకు రాజు, రెండు బంట్లు. పిల్ల బంటు ఇంకొక్క అడుగు వేస్తే మంత్రి అవుతుంది. తన బంటూ అంతే, ఒక్క అడుగు. ఎత్తు తనది. ఆ బంటు ఏదో కాదు, మొదట్లో పిల్ల తినమని ఇచ్చిన దాన్ని తిన్న బంటే, తర్వాత ఇంకోదాన్ని తిని పక్క వరుసకు మారి ఇంతదూరం వచ్చింది. అది చివరి గడిలో మంత్రిగా నిలబడగానే, గట్టు మీద చిక్కుకున్న పిల్ల రాజుకు ఏటవాలుగా చెక్. రాజు తప్పుకోవాలి, పిల్ల బంటు ఆగిపోవాలి. గెలిచింది. వెంకటనర్సమ్మ గెలిచింది, దాంతో ఈ పిల్ల బోర్డు అటకెక్కింది. కళ్ళు మసకబారాయి. తొమ్మిది సెకన్లు. ఎనిమిది. బంటును చివరి గడిలోకి నెట్టింది. హాలు వెనక పట్టాల మీద రైలు కూసింది, పొడుగ్గా, గేటు దగ్గర కూసినట్టుగా. ఆ కూత చెవిలో పడుతుండగానే చెయ్యి పావుల కుప్పలోకి పోయింది, దొరికినదాన్ని తీసి ఆ గడిలో పెట్టింది, గడియారం నొక్కింది.

గుర్రం పెట్టింది.

గేటు దగ్గర వాళ్ళాడింది నాటు ఆట. ఆ ఆటలో బంటు చివరికి చేరితే ఏది కావాలంటే అది కాదు. ఎవరి ఇంట్లో చేరితే ఆ పావవుతుంది. ఏనుగు ఇంట్లో చేరితే ఏనుగు, ఒంటె ఇంట్లో ఒంటె, గుర్రం ఇంట్లో గుర్రం. తన బంటు చేరింది గుర్రం నిలబడే గడి. తొమ్మిదేళ్ళు కొత్త పద్ధతిలో ఆడింది, ఎన్నో బంట్లను మంత్రులు చేసింది, ఎన్నడూ తప్పలేదు. ఇవాళ బండి కూతకు చెయ్యి ముప్పై ఏళ్ళు వెనక్కి పోయింది. పెట్టిన పావును తీయకూడదు. తాడు అవతల గుసగుస లేచింది. గుర్రంతో చెక్ లేదు. పిల్ల ఇప్పుడు బంటును జరిపితే దానికి మంత్రి వస్తుంది, ఆట పిల్లది.

సాహితి జరపలేదు. గుర్రాన్ని చూసింది, తర్వాత బాపమ్మను చూసింది. రెండు చేతులూ తీసి బల్ల కింద ఒళ్ళో పెట్టుకుంది. గడియారంలో ఆమెకు ఒక నిమిషం నలభై సెకన్లున్నాయి. అవి పోతున్నాయి. కింది పెదవి పంటి కింద పట్టుకుంది, కళ్ళు నిండాయి, చేతులు మాత్రం పైకి రావడం లేదు. ఒక నిమిషం పాతిక. తీసుకోదు. ఇది తీసుకోదు. టైం అయిపోయేదాకా ఇట్లాగే కూర్చుని ఓడిపోతుంది గానీ తీసుకోదు. కాదు బిడ్డా, ఇది ఇచ్చింది కాదు, తప్పింది. ఇచ్చినదానికీ తప్పినదానికీ తేడా ఎట్లా చూపించాలి, రెండూ ఒకే గుర్రం, ఒకే గడి. ఒక నిమిషం పది. ఆ చూపు తనకు తెలుసు. ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, తనే చూసింది అట్లా, దండ మార్చేటప్పుడు, పదకొండేళ్ళు.

రైలు వెళ్ళిపోతున్న దడదడ ఇంకా నేలలో ఉంది. కృష్ణ ఎక్కడాడాడు? రెస్ట్ ఉన్న నాడు, అరుగు మీద. ఫోను లేని చోట. మరి తనతో ఎక్కడాడాడు సోమనర్సయ్య? ఫోను కింద. ప్రతి ఆటా ఫోను కింద. ఎత్తు వేస్తూ వేస్తూ తల గోడ వైపు తిప్పేవాడు, ఒక చెవి ఎప్పుడూ అటే, మోగకముందే మోగిందేమోనని లేవబోయేవాడు. రోడ్డు మీద హారన్ కొడితే చెయ్యి ఆగేది. బండి వచ్చే వేళకు మెడ నరం బిగుసుకునేది. ఆ గేటు ఒక్కసారి పడకపోతే ఎందరు పోతారో తెలిసిన మనిషి, సగం మనిషిని పట్టాల మీద పెట్టి మిగిలిన సగంతో ఆడాడు. ఆ సగాన్ని గెలిచింది తను. ఇచ్చాడో తప్పాడో, అడిగితే ఆయనకైనా తెలుసునో లేదో. ఒకే ఒక్క కూతకు తన చెయ్యి ఇంత పని చేసిందే. ఆయన చెవిలో ఇరవై ఆరేళ్ళు. పదకొండేళ్ళు ఆ మనిషిని దొంగను చూసినట్టు చూసింది. యాభై సెకన్లు. నలభై ఐదు.

"సాహితీ," అంది. హాలంతా ఉలిక్కిపడింది. "నేను ఇయ్యలే బిడ్డా. బండి కూసింది, చెయ్యి నాటు ఆట ఆడింది. ఒట్టు గిట్టు ఎయ్యను. గుర్రమైతే ఏంది, ఇంకా చావలే నేను. ఆడు. ఆడి చూడు నన్ను."

"అమ్మా! మాట్లాడొద్దు," దుర్గయ్య సార్ రెండంగల్లో వచ్చాడు. గడియారం ఆపాడు. "ఇంతసేపు మంచిగ ఆడి గిదేంది? ఎదుటి మనిషికి రెండు నిమిషాలు కలుపుతున్న. మల్ల మాట్లాడితే ఆట పోతది, చెప్తున్న." మీటలు నొక్కి, రెండు నిమిషాలు కలిపి, తిరిగి నడిపించాడు.

పిల్ల ఇంకా చూస్తూనే ఉంది. వెంకటనర్సమ్మ కళ్ళు తిప్పుకోలేదు, బతిమాలలేదు, కొంగుతో మొహం తుడుచుకుని బోర్డు మీదికి వంగింది, మోచేతులు బల్లకు ఆనించి, ప్రతి ఆటలో కూర్చునేట్టుగానే. చాలాసేపటికి పిల్ల చెయ్యి ఒకటి పైకి వచ్చింది. బంటు జరిగింది. మంత్రి నిలబడింది.

అక్కణ్ణించి ఆమె ఆడిన ఆట గేటు దగ్గర కూడా ఆడలేదు. ఒక గుర్రం, అంచుకు ఇంకా మూడడుగుల దూరంలో ఉన్న ఒక బంటు, ఎత్తుకు ఐదే సెకన్లు. గుర్రాన్ని బంటుకు కాపలా తెచ్చింది. రాజును గుర్రం చాటుకు తెచ్చింది. పిల్ల మంత్రి ఎటునుంచి వచ్చినా గుర్రం అడ్డం దూకింది. ఒకసారి పిల్ల మంత్రి తొందరపడి ఒక గడిలోకి పోబోయి, చివరి క్షణంలో ఆగింది. అక్కడ దిగి ఉంటే ఒక్క దెబ్బకు గుర్రం రాజునూ మంత్రినీ కలిపి కుమ్మేది. సాహితి ఊపిరి పీల్చి వదిలిన చప్పుడు వినబడింది. కన్నీళ్ళు బుగ్గ మీదే ఆరిపోయాయి, తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, చిన్నప్పుడు కష్టమైన ఆటలో తెరుచుకున్నట్టే. ఇప్పుడది గుర్రాన్ని గుర్రంగానే చూస్తోంది, ఎవరో ఇచ్చిన బహుమతిగా కాదు. బంటు ఒకడుగు వేసింది. రెండడుగుల దూరం. పిల్లకు పన్నెండు సెకన్లు, తనకు ఆరు. పిల్ల దూరంగా ఉన్న తన రాజును ఒక్కో గడీ నడిపించుకుంటూ రావడం మొదలుపెట్టింది. మంత్రి ఒక్కతే చాలదని తెలుసుకుంది. అది వెంకటనర్సమ్మ నేర్పింది కాదు. ఎక్కడ నేర్చుకుందో. ఆ రాజు వచ్చి చేరాక గుర్రానికి నిలబడే చోటు పోయింది. దూకింది, మళ్ళీ దూకింది, మూడోసారి దూకడానికి గడి లేదు. బంటు పోయింది.

ఇక వెతికింది. నిజంగా వెతికింది, నాలుగు సెకన్లూ. ఏమీ లేదు. అప్పుడు తన రాజును వేలితో మెల్లగా పక్కకు పడుకోబెట్టి, చెయ్యి చాపింది. పిల్ల చెయ్యి చల్లగా, తడిగా ఉంది. పట్టుకుంది, వదలలేదు.

తాడు కింద నుంచి వంగి యుగేందర్ వచ్చాడు. నవ్వును ఆపుకుంటున్న మొహం. తల్లి చెవి దగ్గరికి వంగి, "మంచి పని జేసినవ్ అవ్వా. ఆ గుర్రం పెట్టుడు చూడు, సార్‌కు గూడ అనుమానం రాలే," అన్నాడు.

"డాడీ," అంది సాహితి. కూర్చున్న చోటు నుంచి లేవకుండానే. "బాపమ్మ ఇయ్యలే. నేను గుంజుకున్న."

"సరె తియ్ బిడ్డా, నువ్వే—"

"గుంజుకున్న అంటున్న." ఈసారి హాలంతా తిరిగి చూసింది. "నువ్వు చూసినవా ఆ గుర్రం ఎట్ల దూకిందో? నా పాణం తీసింది. నీకు ఆట రాదు, ఊకో."

యుగేందర్ తల్లి వైపు చూశాడు, ఇంకా నమ్మకుండా.  దుర్గయ్య సార్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు మాట్లాడుకోన్రి ఎంతసేపైనా," అని పెన్ను అందించాడు. రెండు పేర్లు, సాహితి పేరు ఎదురుగా ఒకటి, బాపమ్మ పేరు ఎదురుగా సున్నా. వెంకటనర్సమ్మ ఆ సున్నాను కాసేపు చూసింది. తర్వాత కళ్ళద్దాలు సర్దుకుని, కాగితం కదలకుండా ఎడమచేతితో అదిమిపట్టి, దాని పక్కన తొందర పడకుండా తన పేరు మొత్తం రాసింది.